జాబితాలో లేని కాలమ్

రాత్రి పదకొండు. రాయదుర్గం మెట్రో మెట్ల దగ్గర జనం పలచబడ్డారు. మైండ్‌స్పేస్ జంక్షన్‌లో క్యాబ్‌లు వరసకట్టి ఆగి ఉన్నాయి. డ్రైవర్లు సీట్లు వెనక్కి వాల్చుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. దుర్గం చెరువు మీద తీగల వంతెన ఊదారంగులోంచి ఆకుపచ్చలోకి మారుతోంది. తొమ్మిదో అంతస్తులో మీ సీటు కిటికీ పక్కనే. క్యూలో టికెట్లేమీ లేవు, షిఫ్టు దిగడానికి ఇంకా చాలా టైముంది. రెండో మానిటర్ మీద ఒక పొడవాటి పట్టిక తెరిచి పెట్టుకున్నారు.

అది నెటాల్ ఓడల జాబితా. 1860 నుంచి 1911 దాకా మన దేశం నుంచి దక్షిణాఫ్రికాలోని నెటాల్ కాలనీకి ఒప్పందపు కూలీలుగా వెళ్లిన 1,52,184 మంది లెక్క అందులో ఉంది. దొరల గుమస్తాలు రిజిస్టర్లలో చేత్తో రాసింది, ఇవాళ కంప్యూటర్‌కెక్కింది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు, చివరగా ఏ యజమానికి అప్పగించారన్నది. మూడింట రెండు వంతుల మంది మద్రాసు ఓడరేవు నుంచి వెళ్లినవాళ్లు. జిల్లా కాలమ్‌లో విజగపటం అని ఫిల్టర్ పెట్టండి. స్క్రీను కిందకి జరుగుతూనే ఉంటుంది. గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు కూడా అంతే. ఊళ్ల పేర్లు గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా ఉన్నాయి. పైకి చదివితే తప్ప అవి మన ఊళ్లేనని తెలియదు.

పొద్దస్తమానం డేటాతో పనిచేసే మీకు ఒక సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పట్టికలో కాలమ్ లేని విషయం ఏ రిపోర్టులోకీ రాదు. ఈ జాబితాలో తోట యజమాని పేరుంది. ఆ తోట అంతకుముందు ఎవరి నేల, అక్కడ ఎవరి ఆవులు మేసేవి, వాళ్లు ఎటు పోయారు అన్న కాలమ్ మాత్రం లేదు. నూటయాభై ఏళ్లుగా మనవాళ్ల కథని మనం చెప్పుకుంటున్నది కూడా ఆ కాలమ్ లేకుండానే. మన కన్నీళ్లు, మన చెమట, మన గుళ్లు, మన పట్టుదల అన్నీ చెబుతాం. అవన్నీ నిజమే. ఆ కథ జరిగింది మాత్రం ఒక ఆఫ్రికన్ జాతి నేల మీద, ఆ జాతిని లొంగదీసే పని మధ్యలో. ఆ ఖాళీ కాలమ్‌ని వెతుక్కుంటూ మొదటి ఓడ ఎక్కుదాం.

1860 అక్టోబరు 12, మద్రాసు. ఓడలు ఒడ్డుకి ఆనుకునేలా రేవు కట్టించడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. అందుకే ట్రూరో అనే ఆ తెరచాప ఓడ అల్లంత దూరాన లంగరేసి ఊగుతోంది. ఒడ్డు నుంచి మసూలా పడవల్లో వెళ్లాలి. మేకు అన్నది లేకుండా కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టిన పడవలవి. అల విరిగినప్పుడు పడవ ఒళ్లంతా వంగి మళ్లీ సర్దుకుంటుంది. మీ పక్కన ఒక తల్లి చంటిదాన్ని రొమ్ముకి అదుముకుని కళ్లు మూసుకుంది. ఎదురుగా ఒకడు మూటని మోకాళ్ల మధ్య బిగించి పట్టుకున్నాడు. ఉప్పునీళ్లు ముఖాన కొడుతున్నాయి. మొత్తం 342 మంది. తమిళులు, తెలుగువాళ్లు, క్రైస్తవులు, ముసల్మానులు ఉన్నారు. మూడేళ్లు ఒక దొర దగ్గర పనిచేస్తామని, ఇంకో రెండేళ్లు కూడా అక్కడే పనిచేయాల్సి ఉంటుందని ఒప్పుకుని వచ్చినవాళ్లు. జీతం మొదటి ఏడు నెలకి పది షిల్లింగులు, ఆపైన ఏడాదికొక షిల్లింగు ఎక్కువ. బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, ఎండుచేపలు తోట నుంచే ఇస్తారట.

ముప్పై అయిదు రోజులు సముద్రమే. డెక్కు కింద చీకట్లో వాంతుల వాసన, అన్నం గంగాళాల ఆవిరి. కుల కట్టుబాట్లు నేల మీద ఉన్నంత గట్టిగా నీళ్ల మీద నిలబడవు. నవంబరు 16న ఎవరో పైనుంచి అరుస్తారు. పైకెక్కి చూస్తే ఎడమవైపు చెట్లు కమ్మిన గుట్ట, దాని మొదట్లో తెల్లటి ఇసుకమేట, లోపల అద్దంలా నిలిచిన ఉప్పునీటి మడుగు. పోర్ట్ నెటాల్ అంటారు, డర్బన్ అనీ అంటారు. అడ్డంగా ఉన్న ఇసుకమేట వల్ల పెద్ద ఓడ లోపలికి పోలేదు. మళ్లీ చిన్న పడవలే. ఒడ్డున గొడుగులు పట్టుకుని తెల్లవాళ్ల గుంపు. వాళ్ల పక్కగా, రేవు పనిచేసే ఆఫ్రికన్ మగవాళ్లు చేతిలో పని ఆపి నిలబడి ఉన్నారు. పొడుగాటి మనుషులు. మీ వెనక కూర్చున్నవాడు వాళ్లని చూసి పక్కవాడి భుజం గట్టిగా పట్టుకున్నాడు. వాళ్లూ మిమ్మల్ని చూస్తున్నారు, మెడలోని పూసల్నీ చెవి పోగుల్నీ తలపాగాల్నీ. ఆ చూపుల్లో ఏముందో రిజిస్టరు రాసే గుమస్తాకి అక్కర్లేదు.

ఈ మనుషులు ఇక్కడే ఉండగా మనల్ని ఇంతదూరం ఎందుకు తెచ్చారు? ఒడ్డున కాలు పెట్టిన వాడెవడికైనా రావలసిన మొదటి ప్రశ్న ఇది. జవాబు తీరం నుంచి లోపలికి పోయే కాలిబాటల్లో ఉంది.

బరాకుల వైపు పోయే వరస నుంచి తప్పుకుని కొండవాలు ఎక్కండి. నడుములోతు గడ్డి. ఎర్రమట్టి బాట. పైన వృత్తాకారంగా కట్టిన ఇళ్ల గుంపు, వాళ్ల భాషలో ఉముజి. గడ్డితో గుమ్మటంలా అల్లిన గుడిసెలు ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో పశువుల దొడ్డి. దొడ్డి నేల కింద జొన్నలూ మొక్కజొన్నలూ దాచే గోతులు. మన పల్లెల్లో పాతర తీసిన రోజు ఇల్లంతా ఎలా వాసన వేస్తుందో ఇక్కడా అదే వాసన. ఇంటాయనకి ఆవులున్నాయి. కొడుకు పెళ్లికి ఆడపిల్ల తండ్రికి ఇవ్వాల్సిందీ ఆ ఆవులే. భార్యలు పొలం చేస్తారు, పిల్లలు పశువుల్ని కాస్తారు. పొద్దుగుంకే వేళకి జొన్నల కల్లు కుండ బయటికి వస్తుంది. నెలకి కొన్ని షిల్లింగుల కోసం పరాయివాడి తోటలో చెరకు నరకాల్సిన అవసరం ఈ ఇంటికి లేదు. తోటల దొరలు దీన్నే సోమరితనం అన్నారు. తన పొలం తాను దున్నుకునే రైతుని సోమరి అనే హక్కు వాళ్లకి ఎవరిచ్చారు?

బ్రిటన్ నెటాల్‌ని కలుపుకున్నది 1843లో. తుగేలా నదికి ఉత్తరాన జులూ రాజ్యం స్వతంత్రంగానే ఉంది. దక్షిణాన ఉన్న ఈ ఊళ్లు మాత్రం కాలనీలోకి వచ్చాయి. తెల్లవాళ్లు వేలల్లో ఉంటే ఆఫ్రికన్లు లక్షకు పైనే. వాళ్లందర్నీ అదుపు చేసే పని థియోఫిలస్ షెప్‌స్టోన్ అనే అధికారికి అప్పగించారు. 1847 నుంచి ఆయన ‘లొకేషన్లు’ అనే హద్దులు గీసి ఆఫ్రికన్ల ఊళ్లని వాటిలోకి నెట్టాడు. వాటిలో చాలా వరకు రాళ్లూ లోయలే. తీరం వెంట నీళ్లు పారే మెత్తటి నేలలో ఎక్కువ భాగం తెల్లవాళ్ల పట్టాల కింద చేరింది. అక్కడే, కంపెన్సేషన్ అనే ఎస్టేటులో, ఎడ్మండ్ మోర్‌వుడ్ 1851లో నెటాల్‌లో మొదటిసారి చక్కెర తీశాడు.

ఇప్పుడు ఆ ఇంటి ముందుకి మేజిస్ట్రేటు మనిషి వచ్చాడు చూడండి. గుడిసెలు లెక్కపెడుతున్నాడు. 1849 నుంచి గుడిసెకి ఏడు షిల్లింగుల పన్ను. ఇద్దరు భార్యలుంటే రెండు గుడిసెలు, పధ్నాలుగు షిల్లింగులు. ఇంటాయన తన కర్రకి ఆనుకుని ఏమీ మాట్లాడకుండా చూస్తున్నాడు. ఆవునో, గింజల్నో అమ్మి పన్ను కడతాడు. తోటలోకి మాత్రం పోడు. పన్ను వేస్తే పనిలోకి వస్తారని దొరల ఎత్తు. ఆ ఎత్తు చాలా ఏళ్లు పారలేదు. అందుకే 1859లో నెటాల్ శాసనసభ భారతీయుల్ని దిగుమతి చేసుకునే చట్టం చేసింది. మీరు ఎక్కి వచ్చిన ఓడ వెనకున్న కథ ఇది. ఆఫ్రికన్ రైతు లొంగనన్న చోటుని నింపడానికి తెలుగు, తమిళ కూలీని తెచ్చారు.

ఇంకో లెక్క కూడా చూడాలి. 1874 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు, కూలీల్ని తెచ్చే ఖర్చులో ఏటా 10,000 పౌండ్లు కాలనీ ఖజానా భరించింది. ఆ ఖజానాకి పెద్ద ఆధారాల్లో ఒకటి గుడిసె పన్ను. 1875లో దాన్ని పధ్నాలుగు షిల్లింగులకి పెంచారు. అంటే ఆ కొండమీద ఆవుని అమ్ముకున్నాయన సొమ్ములో కొంత, మన పల్లెల వాళ్ల ఓడ ఛార్జీకి పోయింది. తన కూలిరేటుని దెబ్బతీసే మనిషిని తెప్పించడానికి తనచేతనే డబ్బు కట్టించారు. ఈ ఒక్క సంగతి తెలిశాక నేను నెటాల్ చరిత్రని మునుపటిలా చదవలేకపోయాను.

సరే, తోటకి రండి. తెల్లవారకముందే గంట. మంచు పడ్డ చెరకు ఆకులు రంపంలా కోస్తాయి. చేతులకి గుడ్డపీలికలు చుట్టుకున్నారు. కలుపు వరస ఇంత అని సర్దారు చూపిస్తాడు. అతనూ మనవాడే, చేతిలో కొరడా మాత్రం దొరది. వరస పూర్తికాకపోతే ఆ రోజు కూలి రాదు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. దాన్ని డబుల్ కట్ అంటారు. జ్వరమని చెప్పినా నమ్మరు. చెరకు ఆడే రోజుల్లో గానుగ ఆగదు, చీకటి పడ్డా వదలరు. చీటీ లేకుండా తోట దాటి దూరం పోతే పట్టుకుని జైలుకి పంపుతారు. పట్టుకునే పోలీసు చాలాసార్లు ఆఫ్రికన్ మనిషే. కాలనీ తన పని ఎలా చేయించుకునేదో చూడండి. ఒకరి నేల తీసుకుని, రెండోవాణ్ణి తెచ్చి అందులో దించి, పారిపోయే రెండోవాణ్ణి పట్టుకునే ఉద్యోగం మొదటివాడికిచ్చింది.

ఇక్కడ హైటెక్ సిటీ క్యాంటీన్లలో మనం మనల్ని సైబర్ కూలీలమని అనుకుంటూ ఉంటాం. అప్రైజల్ బాగా రాని రోజున ఆ మాట ఇంకా గట్టిగా వస్తుంది. నాకు ఆ మాట నచ్చదు. నోటీస్ పీరియడ్ ఎగ్గొడితే మనకి హెచ్‌ఆర్ నుంచి ఉత్తరం వస్తుంది, మహా అయితే రిలీవింగ్ లెటర్ ఆపుతారు. నెటాల్‌లో పని మానితే అది నేరం. శిక్ష కఠిన కారాగారం, శిక్ష ముగిశాక తిరిగి అదే తోట. ఆ మాటని ఆ మనుషులకే వదిలేయడం న్యాయం.

1871లో రెడ్ రైడింగ్ హుడ్, ఉమ్వోటి అనే ఓడల్లో మొదటి కూలీలు కొందరు మద్రాసుకి తిరిగొచ్చారు. వాళ్లు నోరు విప్పారు. కొట్టారని, జీతాలు ఎగ్గొట్టారని అధికారుల ముందు చెప్పారు. నెటాల్‌లో ఆర్థిక మాంద్యం వచ్చి 1866 నుంచే ఓడలు ఆగి ఉన్నాయి. ఈ ఫిర్యాదుల తరవాత, విచారణ జరిపి దిద్దుకునేదాకా మనుషుల్ని పంపేది లేదని భారత ప్రభుత్వం పట్టుబట్టింది. 1872లో నెటాల్ ఒక కమిషన్ వేసి, కూలీలకి ‘ప్రొటెక్టర్’ అనే అధికారిని పెట్టింది. 1874లో ఓడలు మళ్లీ కదిలాయి. చదువురాని ఆ మనుషుల వాంగ్మూలం ఒక సామ్రాజ్యపు కూలీల సరఫరాని మళ్లీ మొదలుకాకుండా కొన్నాళ్లు ఆపగలిగింది. ఆఫ్రికన్ రైతుకి మాత్రం అలా వాంగ్మూలం ఇచ్చుకోవడానికి ఇంకో మద్రాసు లేదు. ఆయన ఉన్నది తన ఇంట్లోనే.

తుగేలా అవతల ఏం జరుగుతోందో చూడాలంటే 1879 జనవరి 22కి రండి. ఇసాండ్ల్వానా అనే ఒంటరి గుట్ట. మధ్యాహ్నం ఎండ. కింద వరసల్లో బ్రిటిష్ గుడారాలు. నెల క్రితం దక్షిణాఫ్రికా హై కమిషనర్ సర్ బార్టిల్ ఫ్రెరే జులూ రాజు కెట్ష్వాయోకి ఒక హెచ్చరిక పంపాడు. సైన్యాన్ని రద్దు చేసుకోవాలని అందులో షరతు. ఏ రాజూ ఒప్పుకోలేని మాట అది, ఒప్పుకోకూడదనే రాశారు. ఈ ఫ్రెరే మనకి కొత్తవాడు కాదు, 1862 నుంచి 1867 దాకా బొంబాయి గవర్నరు. మన దేశంలో సంస్థానాల్ని గుప్పిట్లో పెట్టుకోవడం నేర్చిన చేతులే అక్కడా పనిచేశాయి.

గుట్ట వెనక మైదానం ఒక్కసారిగా కదిలింది. సుమారు ఇరవై వేలమంది జులూ సైనికులు ఎద్దు కొమ్ముల ఆకారంలో రెండు వైపులా విచ్చుకుంటూ వస్తున్నారు. డాళ్ల మీద ఈటెలతో కొట్టే చప్పుడు గుండెలో వినిపిస్తోంది. తుపాకుల పొగ, ధూళి. రెండున్నర ప్రాంతంలో వెలుగు వింతగా మసకబారింది. ఆ రోజు పాక్షిక సూర్యగ్రహణం. అది విడిచేసరికి గుడారాల మధ్య లేచి నిలబడ్డ ఎర్రకోటు లేదు. సామ్రాజ్యపు సైన్యంలో 1,300 మందికి పైగా చనిపోయారు. జులూలు కూడా వెయ్యిమంది దాకా. కబురు డర్బన్‌కి చేరాక తెల్లవాళ్లు కిటికీలకి ఇసుక బస్తాలు పేర్చారు.

అయిదున్నర నెలలకి, జులై 4న, రాజధాని ఉలుండి ముందు బ్రిటిష్ సైన్యం చతురస్రంలా నిలబడింది. గాట్లింగ్ తుపాకులున్నాయి. గంట లోపే అయిపోయింది. ఈటె విసిరేంత దగ్గరికి రాకముందే మనుషులు వరసలు వరసలుగా పడిపోయారు. తరవాత రాజధాని ఇళ్లకి నిప్పు పెట్టారు. ఆగస్టులో రాజుని పట్టుకుని ఓడలో కేప్‌కి తరలించారు. రాజ్యాన్ని పదమూడు ముక్కలు చేసి పదమూడుమంది నాయకులకి పంచారు. వాళ్లలో వాళ్లు కొట్టుకున్నారు. 1887లో బ్రిటన్ ఆ నేలని కలుపుకుంది, 1897లో నెటాల్‌కి అప్పగించింది. 1902 నుంచి 1904 దాకా ఒక కమిషన్ హద్దులు గీసి, జులూలాండ్‌లో సుమారు అయిదింట రెండు వంతుల నేలని తెల్లవాళ్లకి తెరిచింది. చెరకు తుగేలా దాటింది.

ఆ ఏళ్లలోనే మన విశాఖ, గంజాం మనుషులు ఆవిరి ఓడల్లో వస్తున్నారు. ఉమ్లాజి, ఉమ్‌జింటో, ఉమ్‌ఫులి. ఆ ఓడల పేర్లన్నీ ఆ నేల మీది నదుల పేర్లే. ఆ నదుల గట్లమీద జనానికి చోటు లేకుండా పోతున్న రోజుల్లో వాటి పేర్లు మద్రాసు సముద్రంలో తేలుతూ వచ్చాయి. నది పేరు చూసి ఓడెక్కినవాడికి ఆ నది ఎవరిదో ఎలా తెలుస్తుంది? అతనికి తెలిసింది తన ఊరి కరువు, షావుకారు బాకీ, ఏజెంటు మాట.

ఉత్తర తీరంలో స్టాంగర్ అనే ఊరు. ఇప్పటి పేరు క్వాడుకుజా. జులూ రాజు షాకా తన రాజధాని కట్టుకున్నదీ, 1828లో సవతి సోదరుల చేతుల్లో చనిపోయిందీ ఇక్కడే. ఊరి మధ్య ఆయన స్మారకం ఉంది. చుట్టూ బజారులో భారతీయుల దుకాణాలు. ఊరు దాటితే ఎటు చూసినా చెరకే. ఆ చెరకు గాలికి ఊగుతుంటే చూసేవాడికి అందంగానే ఉంటుంది.

1906కి వద్దాం. నెటాల్‌లో కొత్త తలపన్ను. పెళ్లికాని ప్రతి మగవాడి మీదా ఏడాదికి ఒక పౌండు. గుడిసె పన్ను కట్టే తండ్రి ఇంట్లో ఎదిగిన కొడుకులున్నా ఇక తప్పించుకోలేరు. గనులకో తోటలకో పోవాల్సిందే. రిచ్‌మండ్ దగ్గర ఘర్షణలో ఇద్దరు పోలీసులు చనిపోతే, ఏప్రిల్ 2న పన్నెండుమంది ఆఫ్రికన్లని వరసగా నిలబెట్టి కాల్చి చంపారు. జోండీ తెగ నాయకుడు బంబాథా తిరగబడి న్కాండ్లా అడవుల్లోకి వెళ్లాడు. జూన్ 10 తెల్లవారుజామున మోమే లోయలో పొగమంచు. లోయ రెండు మూతుల్నీ మూసేసిన సైన్యం పైనుంచి మాక్సిమ్ తుపాకులు పేల్చింది. ఆ ఏడాది తిరుగుబాటులో చనిపోయిన ఆఫ్రికన్లు మూడు వేలకు పైనే. తెల్లవాళ్లు కొద్దిమందే.

ఆ తిరుగుబాటు రోజుల్లో కొండబాటల మీద స్ట్రెచర్లు మోస్తూ భారతీయులు కొందరున్నారు, సుమారు ఇరవైమంది. వాళ్ల ముందు మోహన్‌దాస్ గాంధీ. సామ్రాజ్యానికి సేవచేస్తే హక్కులొస్తాయని ఆయన ఇంకా నమ్ముతున్న రోజులవి. అక్కడ చూసిందేమిటి? కొరడా దెబ్బలకి వీపులు చీలి, రోజుల తరబడి మందు లేక పుండ్లు పడిన జులూలు. తెల్లవాళ్లు వాళ్లని ముట్టమంటే ఈ భారతీయులు కడిగి కట్టుకట్టారు. ఇది యుద్ధం కాదు, మనుషుల వేట అని ఆయనకి అర్థమైంది. మన కథల్లో ఈ ఘట్టం గాంధీ మార్పుకి ఒక మెట్టుగా వస్తుంది. ఆ వీపుల పేర్లు మన కథల్లోకి రావు.

మనవాళ్లకీ పన్ను పడింది. ఒప్పందం ముగిశాక తిరిగి పోకుండా అక్కడే ఉంటే ఏటా మూడు పౌండ్లు కట్టాలని 1895 చట్టం. 1913 అక్టోబరులో న్యూకాసిల్ బొగ్గు గనుల్లో పని ఆగింది. నవంబరుకి సమ్మె తీరంలోని చెరకు తోటలకి పాకింది. కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు, 1914లో ఆ పన్ను ఎత్తేశారు. ఆ గెలుపు మనకి గర్వకారణం. బంబాథా మనుషులకి అలాంటి గెలుపు దక్కలేదు. రెండు పన్నులూ ఒకే ప్రభుత్వం వేసింది, ఒకే పనికి: మనిషిని తోటకో గనికో కట్టెయ్యడానికి. ఆ ఇద్దరూ ఒక్కటిగా నిలబడలేదు. నిలబడకుండా చూడడమే ఆ పాలన బతుకుతెరువు.

దాని పంట 1949 జనవరి 13న కోతకొచ్చింది. డర్బన్ విక్టోరియా స్ట్రీట్‌లో సాయంత్రం బస్సుల రద్దీ. ఒక భారతీయ దుకాణదారు ఒక ఆఫ్రికన్ పిల్లవాణ్ణి కొట్టాడు. చీకటి పడేలోగా అద్దాలు పగులుతున్నాయి, మర్నాటికి కేటో మేనర్‌లో ఇళ్లు మండుతున్నాయి. 142 మంది చనిపోయారు, వాళ్లలో 87 మంది ఆఫ్రికన్లు, 50 మంది భారతీయులు. ఆఫ్రికన్లకి దుకాణం లైసెన్సు దొరకదు, బస్సు లైసెన్సు దొరకదు. భారతీయుడికి కష్టపడితే దొరుకుతుంది. రోజూ డబ్బు తీసుకునే చెయ్యి భారతీయుడిదే కనిపిస్తుంది. లైసెన్సు ఇవ్వని చెయ్యి కనిపించదు. ఆఫ్రికన్ నాయకుడు డాక్టర్ జూమా, భారతీయ నాయకులు డాక్టర్ నాయకర్, డాక్టర్ దాదూ కలిసి పోరాడదామని సంతకాలు చేసి అప్పటికి రెండేళ్లయినా కాలేదు. 2021 జులైలో డర్బన్ దగ్గరి ఫీనిక్స్‌లో మళ్లీ అదే గాయం రేగింది. ముప్పైమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికన్లు.

ఇదంతా ఎక్కడో దూరదేశపు గొడవ అనుకోవద్దు. మీ టవర్ నుంచి క్యాబ్‌లో కాసేపు పోతే టోలిచౌకి. సూడాన్, సొమాలియా, ఇంకా ఎన్నో దేశాల నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్లలు అక్కడ అద్దెకి ఉంటున్నారు. ఫోన్లో ఖాళీ ఉందన్న ఇల్లు మనిషిని చూశాక ఖాళీ లేకుండా పోవడం వాళ్లకి మామూలు. ఆటోలో, లిఫ్టులో, బస్టాపులో వాళ్ల వెనక మన నోళ్లలో వచ్చే మాటలు నేను ఇక్కడ రాయను. ఓడ మీంచి ఆ మొదటి రోజు మనవాడు చూసిన చూపులో భయముంది, అది అర్థం చేసుకోవచ్చు. ఈ రోజు మన చూపులో ఉన్నది నెటాల్ దొరల దగ్గర నేర్చుకున్నది. దాన్ని విడిచిపెట్టడానికి ఇంకెంత చదువు కావాలి?

స్క్రీను మీద జాబితా ఇంకా తెరిచే ఉంది. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగంలో ఆరో అధికరణం, అక్కడి సమాజాలు మాట్లాడే భాషల్ని ప్రోత్సహించాలని చెబుతూ తెలుగుని పేరుపెట్టి చెప్పింది. తమిళం, హిందీ, ఉర్దూ, గుజరాతీ పక్కన మన భాష. ఈ జాబితాలో పేర్లున్నవాళ్ల మునిమనవలకి ఆ గౌరవం దక్కింది.

నేల సంగతి వేరేలా జరిగింది. 1913 జూన్ 19న అమల్లోకి వచ్చిన నేటివ్స్ ల్యాండ్ యాక్ట్, దేశంలో మెజారిటీ ప్రజలైన ఆఫ్రికన్లకి నేలలో సుమారు ఏడు శాతం మిగిల్చి, దాని బయట భూమి కొనకుండా నిషేధించింది. వర్ణవివక్ష పాలన పోయాక 1994లో కొత్త పార్లమెంటు, పోయిన భూముల్ని తిరిగి అడిగే చట్టం చేసింది. నేల పోయింది 1913 జూన్ 19 తరవాత అయి ఉండాలన్నది అందులో షరతు. 1950 తరవాత గ్రూప్ ఏరియాస్ చట్టంతో డర్బన్ కేటో మేనర్‌లో ఇళ్లు పోగొట్టుకున్న భారతీయ కుటుంబాలు ఆ చట్టం కింద దావా వేశాయి, పరిహారం అందుకున్నాయి. వాళ్లకి అది దక్కడం న్యాయమే. చెరకు తీరంలో మాత్రం నేల పోయింది అంతకు చాలాముందు, 1847 లొకేషన్లలో, 1879 యుద్ధం తరవాత, 1904 హద్దుల్లో. ఆ కొండమీద గుడిసెలు లెక్కపెట్టించుకున్న ఇంటాయన వారసులు ఆ చట్టం కింద అర్జీ పెట్టుకోలేరు.